జూలై ఒకటిన పుట్టినవాళ్లు

నా చిన్నప్పుడు నా చేతిరాత బాగుంటుందని నాకొక పొగరు ఉండేది. సికింద్రాబాదు లాలాగూడలో మా బడి గేటు లోపల ఒక నల్లబోర్డు ఉండేది. రోజూ ప్రార్థనకు ముందు దాని మీద ఆ రోజు తేదీ, తిథి, ఆ తేదీన పుట్టిన గొప్పవాళ్ల పేర్లు, ఎప్పుడో జరిగిన సంగతులు రాయాలి. అడుగున, ఆ రోజు పుట్టినరోజు ఉన్న పిల్లల పేర్లు రాయాలి. ఆరో తరగతిలో ఆ పని నాకు అప్పగించారు. తేదీలు చూసుకోవడానికి అడ్మిషన్ రిజిస్టరు నా చేతికిచ్చేవారు. దాన్ని చంకలో పెట్టుకుని వరండాలో నడుస్తుంటే సగం టీచరునైపోయినట్టే ఉండేది.

జూన్ ఆఖరున ఆ రిజిస్టరు తిరగేస్తుంటే ఒక వింత కనబడింది. మా ఒక్క తరగతిలోనే పదకొండుమందికి పుట్టినరోజు జూలై ఒకటి. సంగతేమిటో నాకు తెలియక కాదు. బడిలో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు తేదీ చెప్పలేకపోతే పెద్దసారు జూలై ఒకటి అని రాసుకునేవారని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. మా నాన్న ఆఫీసులో గుమాస్తా గనుక నేను పుట్టిన తేదీ నిమిషాలతో సహా రాసిపెట్టి ఉంది. ఆ గొప్ప కూడా లోపల ఎక్కడో ఉండే ఉంటుంది.

జూలై ఒకటి పొద్దున మిగతా విశేషాలన్నీ రాసి, అడుగున పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: "ఈ రోజు ఆరో తరగతిలో పదకొండుమంది పుట్టారు. నిజంగా ఎప్పుడు పుట్టారో పెద్దసారును అడగండి." కింద పదకొండు పేర్లూ వరుసగా రాసి, రంగు సుద్దతో గీత కొట్టాను.

బడి బడంతా పగలబడి నవ్వింది. టీచర్లలో ఒకరిద్దరు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. ఆ వరుసలో నాలుగో పేరు నా బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయిది. వాళ్ల నాన్న మార్కెట్లో మూటలు మోసేవాడు. ఆ రోజు ఆమె కొత్త ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, అందరికీ పంచడానికి నాన్న కొనిచ్చిన పిప్పరమెంట్ల పొట్లంతో వచ్చింది. ఆ తేదీ ఉత్తుత్తిదని ఆమెకు అప్పటిదాకా తెలియదు. వెనక బెంచీ నుంచి ఎవరో "నీది బర్త్‌డే కాదంట, సారు ఊకనే రాసిండంట" అన్నారు. తరగతిలో ఆమె పొట్లం బయటికి తీయలేదు. మధ్యాహ్నానికి రిబ్బన్లు కూడా విప్పేసింది. నేను పక్కనే కూర్చుని చూస్తూ ఉన్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా నానమ్మ సేమ్యా పాయసం చేసి ఉంచింది. ఏటా ఆ రోజు మా ఇంట్లో పాయసమే, మా తాతయ్య పుట్టినరోజు గనుక. గిన్నె ఒళ్లో పెట్టుకుని బోర్డు కథంతా ఆయనకు నవ్వుతూ చెప్పాను, మెచ్చుకుంటాడని. అంత తెలివైనదాన్ని, తింటున్న పాయసం ఏ తేదీదో నాకు తట్టలేదు.

తాతయ్య చెంచా కింద పెట్టేశాడు. "పన్నెండోది నా పేరు సుత రాయకపోతివి, బిడ్డా" అన్నాడు.

ఆయన గొంతు పెంచలేదు. తను కార్ఖానాలో ఫిట్టరు పనికి చేరిన రోజు సంగతి చెప్పాడు. పుట్టిన తేదీ అడిగితే, తంగేడు పూసే రోజుల్లో పుట్టానని అమ్మ చెప్పింది అన్నాడట. రాసుకునే మనిషి కలం కింద పెట్టి నవ్వాడట. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారట. నవ్వడం అయ్యాక జూలై ఒకటి అని రాశారట. "నౌకరీ దొరికిన సంబురమంతా గాడనే పోయింది. నన్ను ఎప్పుడు కన్నదో మా అమ్మకు ఎరుకే గద. తేదీలే ఎరుక లెవ్వు" అన్నాడు.

తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన తిట్టకుండా పాయసం టిఫిను డబ్బాలో పోయించుకుని, నన్ను వెంటబెట్టుకుని రెండు వీధుల అవతలున్న ఆ అమ్మాయి ఇంటికి నడిచాడు. ఆమె ముందు గడప మీద కూర్చుని, ఈ రోజు తనకూ పుట్టినరోజేనని, తోడు తినేవాళ్లు దొరకక వచ్చానని చెప్పాడు. ఆమె "మీది సుత ఎవరో రాసిందేనా తాతా?" అని అడిగింది.

"రాసిందే. రాసినోడు రాసిండు. మా ముసల్ది ఏటేటా పాయసం చేస్తది. మీ నాయిన నీకు పిప్పరమెంట్లు తెచ్చిండు. గిప్పుడు గా దినం మనది కాకపోతే ఇంకెవరిది?"

ఆమె పాయసం తిన్నది. తాతయ్యతో నవ్వింది కూడా. నా వైపు మాత్రం చూడలేదు. తప్పయిందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. తాతయ్య చెప్పించనూ లేదు, అది నేను చేయాల్సిన పనని వదిలేశాడు. రేపు చెబుదాం అనుకున్నాను. బడి చదువు పూర్తయ్యేదాకా ఆ రేపు రాలేదు. ఆమె నాతో మాట్లాడేది, అడిగితే పెన్సిలు ఇచ్చేది. కానీ పదో తరగతి దాకా మళ్లీ ఏ జూలై ఒకటినా ఆమె బడికి రాలేదు. ఆ రోజు నా పక్క చోటు ఖాళీగా ఉండేది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పొద్దున లేవగానే ఫోనులో ఎవరో ఒకరు 'ఈ రోజు విశేషాలు' పంపుతారు. ఎవరు పుట్టారు, ఏం జరిగింది అని వరసగా ఉంటాయి. జూలై ఒకటిన మాత్రం నేను అది తెరవను. సేమ్యా పాయసం చేస్తాను. మా తాతయ్య పుట్టినరోజని మనవలు తింటారు, బోర్డు కథ చెప్పించుకుంటారు.

వాళ్లకే కాదు, తాతయ్యకు కూడా చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ పొద్దున బోర్డు రాయడం ముగించి, చేతుల సుద్దపొడి దులుపుకుంటూ గేటు బయట నిలబడ్డాను. ఆమె దూరం నుంచే నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, పొట్లం విప్పి మొదటి పిప్పరమెంటు నాకే ఇచ్చింది. లోపల ఏం రాసి ఉందో నాకు తెలుసు, ఆమెకు ఇంకా తెలియదు. చేయి చాచి తీసుకున్నాను. అందరితో పాటు నేను నవ్వినప్పుడు అది ఇంకా నా నోట్లోనే ఉంది.