మా మేనత్త కుంకుమ భరిణె

మొన్న మా వీధిలోకి ఓట్లడగడానికి ఇద్దరమ్మాయిలు వచ్చారు. మెడలో కండువాలు, చేతుల్లో ఫోన్లు, వెనకాల మైకు కట్టిన ఆటో. ఇద్దరిలో పొడుగమ్మాయి మా మండలం నుంచి జిల్లా పరిషత్తుకి నిలబడిందట. నమస్కారం పెట్టి, తన పేరు చెప్పి, పక్కనున్న అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, ఈమె నా జీవిత భాగస్వామి అండి, ఇద్దరం కలిసే ఉంటున్నాం అని, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. అరుగు మీద నా పక్కనే ఎదురింటి వదినగారు కూర్చుని ఉంది. ఆవిడ ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని నేను ఓరకంట చూస్తే, ఆవిడ మాత్రం మన వీధి సిమెంటు రోడ్డు ఎప్పుడు వేయిస్తావమ్మాయ్ అని నిలదీసింది. నాకు నవ్వాగలేదు.

రోడ్డు సంగతి తేలాక ఆ అమ్మాయి నా వైపు తిరిగి, ఎమ్మెల్యే తాతగారిని చూసే తను రాజకీయాల్లోకి వచ్చానంది. చిన్నప్పుడు వాళ్ళ స్కూలు వార్షికోత్సవానికి ఆయన తన స్నేహితుడితో కలిసి వచ్చారనీ, ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారనీ, తను ఏమిటో తనకి అప్పటికింకా సరిగా తెలియకపోయినా ఆ రెండు కుర్చీలు మనసులో ఉండిపోయాయనీ చెప్పింది. ఆ తాతగారు ఎవరో కాదు, మా మేనత్త కొడుకు, నాకు సొంత బావ. నేను పుట్టినప్పుడే ఆయనకి పెళ్ళామని మా ఇంట్లో అందరూ అనేసుకున్నారు. అందుకని ఈ కథ చెప్పే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటాను.

మా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మేనరికం ఉన్న ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడాల్సిన అవసరమే ఉండదు. నాకు రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, ముహూర్తాలు చూద్దామని మా పెదనాన్న అన్న రోజున, బావ అందరి ముందూ నిలబడి, తనకి ఆడవాళ్ళ మీద ఆ మనసు లేదనీ, నన్ను చేసుకుంటే నా గొంతు కోసినట్టేననీ, తనకి ఇష్టమైన మనిషి ఒకరున్నారు గానీ ఆ మనిషి మగవాడనీ చెప్పేశాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు ఆ పూట. నేను ఏడ్చాను, అబద్ధమెందుకు. కానీ ఏడుపయ్యాక ఆలోచిస్తే, పుట్టి బుద్ధెరిగాక నాతో ఎవరైనా ముఖాముఖీ నిజం చెప్పింది అదే మొదటిసారి అనిపించింది. నాకు వేరే సంబంధం చూశారు, మా ఆయన బంగారం లాంటి మనిషి, బావకీ ఆయనకీ నాకంటే ఎక్కువ స్నేహం కుదిరింది.

బావ ఇష్టపడ్డ మనిషిది కొవ్వూరు. మా ఊళ్ళో, ద్రాక్షారామం వెళ్ళే రోడ్డు మీద మందుల షాపు పెట్టుకుని, తరవాత తరవాత మేనత్త ఇంట్లోనే ఉండిపోయారు. ఊరికి ఆయన అవసరం చాలా ఉండేది, పిల్లలకి జ్వరమొస్తే తలుపు కొట్టేది ఆయన్నే, కాబట్టి ఊరు చూసీ చూడనట్టు ఊరుకుంది. నాకు మాత్రం ఆయన్ని ఏమని పిలవాలో తెలియక కొన్నాళ్ళు చాలా ఇబ్బందయింది. మన వైపు వరస కుదరకపోతే మాట సాగదు గదా. చివరికి నేనే లెక్క తేల్చుకున్నాను, బావ భార్య నాకు అక్క వరస, అక్క కావాల్సిన మనిషి మగవాడైతే అన్నయ్య. అన్నయ్యగారూ అని మొదటిసారి పిలిచినప్పుడు ఆయన చేతిలో మందు సీసా కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. మా పిల్లలకి మామయ్య అయిపోయారు, ఇక ఆ సమస్య తీరిపోయింది.

బావ సర్పంచిగా నిలబడతానన్నప్పుడు అసలు సమస్య వచ్చింది. మురుగు కాలువల పూడిక తీయించడం దగ్గర్నుంచి వరదలప్పుడు పడవలు తెప్పించడం దాకా ఊరి పనులన్నీ ఎలాగూ ఆయనే చేస్తున్నాడు, కుర్చీ మాత్రం ఎవరిదో. నిలబడమని నలుగురూ అన్నారు. కానీ అప్పట్లో ఓట్లడగడమంటే ఇప్పట్లా ఫ్లెక్సీలూ, ఫోనుల్లో వీడియోలూ కాదు. అభ్యర్థి భార్య కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకీ వెళ్ళి, ఇంటి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, మా ఆయనకి ఓటెయ్యండమ్మా అని అడగాలి. మగవాళ్ళు వీధిలోనే నిలబడతారు. బొట్టు పెట్టించుకున్న ఆడది మాట తప్పదని నమ్మకం, తప్పితే ఆవిడకే ఏదో అవుతుందని భయం కూడాను. అవతలి అభ్యర్థి భార్య పట్టుచీర కట్టుకుని, వెనకాల ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పోగేసుకుని, అప్పటికే సగం ఊరు తిరిగేసింది. మా బావకి భార్య లేదు. మేనత్తకి భర్త పోయి చాలా కాలమైంది, ఆవిడ బొట్టు పెట్టకూడదు.

మా పెదనాన్న అంతకుముందు పంచాయతీ నడిపిన మనిషి, ఓట్ల సంగతి తనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదని ఆయన ధీమా. ఆయన రెండు మార్గాలు చెప్పాడు. ఎవరో ఒక పేదింటి పిల్లని చూసి నామినేషన్లలోపు మూడు ముళ్ళు వేయించెయ్యాలి, అది కుదరకపోతే ఓట్లు అయ్యేదాకా ఆ కొవ్వూరాయన్ని కొవ్వూరు పంపించెయ్యాలి. బావ రెండూ వినేసి, ఆయన గోదావరి దాటితే ఆయన వెనకే నేనూ దాటతాను, మీకు సర్పంచిని వేరే చూసుకోండి అన్నాడు. దాంతో పెదనాన్న మూడో ఉపాయం పన్నాడు, అది నేను. సెలవు పెట్టించి నన్ను రాజమండ్రి నుంచి పిలిపించారు. మరదలే గదా, తప్పేముంది, భరిణె పట్టుకుని తిరిగితే చాలన్నారు. మేనత్త బీరువాలో అడుగున దాచిన వెండి భరిణె తీసి ఇచ్చింది. అది ఆవిడ పెళ్ళినాటిది, భర్త పోయాక మళ్ళీ మూత తియ్యలేదు.

నేను మంచి ఉత్సాహంగా బయల్దేరాను. టెలిఫోనులో పొద్దస్తమానం ఊళ్ళు కలిపే గొంతు నాది, మాటలకి లోటేముంది! మా ఆయన కరపత్రాల సంచీ పట్టుకుని వెనకాల. అయితే ఒక్కటి మేమెవరం ఆలోచించలేదు, బొట్టు పెట్టే ఆడది అభ్యర్థికి పెళ్ళామనే ఎవరైనా అనుకుంటారు. ఆ చివర వీధుల్లో నన్నెరగని ఆడవాళ్ళు మీ ఆయన మంచోడమ్మా అంటుంటే మొదట్లో సర్దిచెప్పాను, తరవాత విసుగొచ్చి ఊరుకున్నాను. ఒక ముసలమ్మ అయితే నన్నూ, రోడ్డు మీదున్న బావనీ కలిపి, పిల్లాపాపలతో చల్లగా ఉండండని దీవించేసింది. మా ఆయన సంచీ కింద పెట్టి మరీ నవ్వారు. సాయంత్రానికి ఆ నవ్వు ఎగిరిపోయింది. ఎవరి పెళ్ళాన్నో తెచ్చి తన పెళ్ళామని చూపిస్తున్నాడు, ఇంట్లోనే నిజం లేని వాడు పంచాయతీకేం నిజం చెబుతాడని అవతలివాళ్ళు మైకులో మొదలుపెట్టారు. అంతవరకూ బావ గురించి ఊరికి తెలియనిదేం లేదు, కానీ మోసగాడన్న మాట మాత్రం ఎవరూ అనలేదు. ఇప్పుడు అనడానికి మేమే సందిచ్చాం.

బావకి కోపం రావడం నేను చూసింది ఆ సాయంత్రమే. అబద్ధం ఆడనని నిన్నే వదులుకున్నాను, ఈ కుర్చీ కోసం ఆడతానా అని నన్నడిగాడు. నామినేషను వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది గానీ, లేకపోతే ఆ రాత్రే తీసుకునేవాడు. అన్నయ్యగారు, నా వల్లే ఇదంతా, నేను కొన్నాళ్ళు మా ఊరు వెళ్తానని చొక్కాలు మడతపెట్టుకోవడం మొదలుపెట్టారు. మా పెదనాన్న అయితే అదే మంచిదన్నట్టు తల కూడా ఊపాడు. మేనత్త ఇదంతా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

మర్నాడు పొద్దున్న నేను భరిణె తిరిగిచ్చేద్దామని వెళ్తే, ఆవిడ స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. "ఇలా తేవే అమ్మాయ్" అని నా చేతిలోంచి భరిణె తీసుకుంది. అన్నయ్యగారిని పిలిచి, "బాబూ, గొడుగు పట్టు, ఎండగా ఉంది" అంది. మా పెదనాన్న అడ్డమొచ్చి, నీ చేత్తో కుంకమేంటి, ఉన్న ఓట్లు కూడా పోతాయని కేకలేశాడు. ఆవిడ అన్నగారి మొహం కూడా చూడకుండా మెట్లు దిగింది. వెనకాల నేను.

వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ ఉండేది. పసుపు మొహం, ఇంత బొట్టు, ఎవరికీ భయపడని మనిషి. ఆవిడ చుట్టూ నీళ్ళ కుళాయి దగ్గరికొచ్చిన ఆడవాళ్ళు. మేనత్త సరిగ్గా వాళ్ళ మధ్యకి వెళ్ళి ఆగింది. పొరపాటున ఆ మొదటి మనిషి వెనక్కి జరిగితే బావ ఎన్నిక మాట అటుంచి, ఆ ముసలి ప్రాణం మళ్ళీ వీధిలోకి రాదని నాకు తెలుసు.

"అమ్మా, మావాడికి పెళ్ళాం లేదు, రాదు కూడానండి" అంది మేనత్త. "నిన్న వచ్చింది నా మేనకోడలు, దాని మొగుడు దానికున్నాడు. మావాడి మనిషి ఇదిగో, ఈ అబ్బాయి. మీరంతా ఎరిగున్నవాడే. నేను బొట్టు పెట్టకూడదంటారు, వీడు మా ఇంట్లో ఉండకూడదంటారు. ఇద్దరం మీ ముందుకొచ్చాం. మీ ఇష్టమండి."

అని భరిణెలో ఉంగరపు వేలు ముంచి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కుళాయి కింద బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఎవరూ కట్టలేదు. గొడుగు కింద అన్నయ్యగారు తల దించుకుని నిలబడ్డారు. మేనత్త వేలు వణకడం మొదలుపెట్టింది, కానీ ఆవిడ దింపలేదు.

ఇస్త్రీ ఆవిడ పెట్టెని పక్కకి నిలబెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "పెట్టండి మామ్మగారూ, ఎంతసేపని అలా ఎత్తి ఉంచుతారండీ, చెయ్యి లాగేస్తాదండి" అంటూ నుదురు ముందుకి వంచింది. బొట్టు పెట్టించుకుని, అన్నయ్యగారి వైపు తిరిగి, "ఏవండీ, మా చిన్నోడి దగ్గుమందు రేపటికుంచండి" అంది. అంతే. ఆ తరవాత కుళాయి దగ్గర ఒకరి వెనక ఒకరు. అందరూ కాదు, మొహం తిప్పుకుని బిందె ఎత్తుకుపోయినవాళ్ళూ ఉన్నారు, తలుపులు వేసుకున్న ఇళ్ళూ ఉన్నాయి. ఆవిడ మాత్రం ఏ గడపా వదల్లేదు.

బావ గెలిచాడు. మెజారిటీ ఎంతో నాకిప్పుడు గుర్తు లేదు, మా పెదనాన్న మాత్రం ఆ వ్యూహం తనదేనని బతికినంత కాలం చెప్పుకున్నాడు. తరవాత మండలానికీ, ఆ తరవాత శాసనసభకీ వెళ్ళాడు. ప్రమాణ స్వీకారం రోజున పైన గ్యాలరీలో మేనత్తా, అన్నయ్యగారూ, మేమిద్దరం కూర్చున్నాం. ఏసీ చలికి మేనత్త అన్నయ్యగారి శాలువా కప్పుకుని, ఇంత డబ్బు పెట్టి ఈ చలెందుకు కట్టారని ఒకటే గొణిగింది. ఒక పేపరు విలేకరి అన్నయ్యగారిని చూపించి ఈయన మీకేమవుతారండీ అని అడిగితే, "మా ఇంట్లో మనిషండి" అని చెప్పి మళ్ళీ చలి సంగతే ఎత్తుకుంది. సభలో బావని వెక్కిరించినవాళ్ళు లేకపోలేదు. ఆయన మురుగు కాలువల గురించి అడిగి వాళ్ళ నోళ్ళు మూయించేవాడు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. మేనత్త నిండుగా బతికి వెళ్ళింది. అన్నయ్యగారు పోయాక బావ ఎక్కువ కాలం ఉండలేదు, మా ఆయన కూడా వెళ్ళిపోయారు. పంచాయతీ ఆఫీసులో బావ ఫోటో ఉంది, పిల్లలకి ఆయన పేరు తెలుసు. మేనత్త ఫోటో ఎక్కడా లేదు. కుళాయి తీసేసి ట్యాంకు కట్టారు, ఇస్త్రీ బండి ఉన్నచోట సెల్ ఫోను రీచార్జీ కొట్టు వచ్చింది. భరిణె నా దగ్గరుంది.

అందుకే మొన్న ఆ అమ్మాయిలిద్దరూ కరపత్రం చేతిలో పెట్టి, నాతో సెల్ఫీ తీసుకుని కదలబోతుంటే, ఒక్క నిమిషం ఆగండర్రా అని లోపలికి వెళ్ళి భరిణె తెచ్చాను. ఓటడిగేది వాళ్ళు, బొట్టు పెట్టేది నేను, అంతా తలకిందులే. నా నుదురు బోసిగా ఉన్న సంగతి వాళ్ళు చూశారో లేదో కూడా తెలియదు. నేను వేలు ముంచేలోపే పొడుగమ్మాయి నవ్వుతూ నుదురు వంచింది, వెంటనే రెండో అమ్మాయి. నా చెయ్యి గాలిలో ఒక్క క్షణమైనా ఆగలేదు. ఇంతకంటే సంతోషం ఏముంటుంది! అయినా ఎక్కడో కలుక్కుమంది. ఆ రోజు కుళాయి దగ్గర మా మేనత్త చెయ్యి ఎంతసేపు ఆగిపోయిందో, ఎలా వణికిందో వాళ్ళకి చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆటోలో మైకు మోగింది, పక్క వీధికి ఆలస్యమైపోతోంది మామ్మగారూ అంటూ ఇద్దరూ నుదుట బొట్టుతో పరుగెత్తారు. నేను భరిణెకి మూత పెట్టి లోపలికి వచ్చాను.