మేటర్ అనే మాట పుట్టిల్లు

మా నాన్న గుంటూరులో ఫిలాసఫీ లెక్చరర్. కాలేజీలో ఆ సబ్జెక్టుకు చేరేవాళ్లు తక్కువ. అందుకని మిగిలిపోయిన పాఠమంతా బ్రాడీపేటలో మా ఇంట్లో, కంచం ముందు కూర్చుని మా అమ్మకు చెప్పేవాడు. వడ్డించే మనిషి మధ్యలో వెళ్లిపోవడానికి లేదు కదా!

ఆయనకు ఇష్టమైన ఇంగ్లీషు మాట మేటర్.

"పదార్థం అనేస్తే సరిపోతుందిటే? లాటిన్‌లో మేటర్ అంటే అమ్మ. అందులోంచి మెటీరియా పుట్టింది. ముందు చెట్టు మానుకి, ఇల్లు కట్టే కలపకి ఆ పేరు. ఫిలాసఫీలోకి వచ్చింది ఆ తర్వాతే. కలపకి తనంతట తనకి ఆకారం ఉండదు. ఇచ్చేవాడు ఇవ్వాలి."

ఇచ్చేవాడంటే తనే. గోడకు మేకు కొట్టడం రాని మనిషి.

ఎనభైల్లో ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకునే వీలొచ్చింది. టెన్త్‌తో ఆగిపోయిన అమ్మ చేరతానంది. నాన్న సరేననలేదు, కాదనీ అనలేదు. "ఆదివారం మా లెక్చరర్లు భోజనానికొస్తున్నారు. వాళ్ల ముందు ఒక ప్రశ్న అడుగుతా. చెప్తే చేరు" అన్నాడు.

ఆ వారమంతా అమ్మ కొరివికారానికి పండుమిరపకాయలు దంచుతూనే ఆయన చెప్పిన మాటలన్నీ వల్లె వేసింది. నేను అప్పజెప్పించుకునేదాన్ని. చేతులు భగ్గుమంటే మజ్జిగలో ముంచుకుని మళ్లీ మొదలుపెట్టేది. అంత సంతోషంగా ఉన్న అమ్మను నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం పెద్దమనుషులు వేడన్నంలో కొరివికారం, నెయ్యి కలుపుకుని ముక్కులు తుడుచుకుంటూ తింటున్నారు.

"ఏమే, మేటర్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు నాన్న.

నెయ్యిగిన్నె పట్టుకునే అమ్మ తడుముకోకుండా చెప్పింది. మాను, కలప, మెటీరియా, మేటర్.

"లాటిన్‌లో మేటర్ అంటే?"

"అమ్మండీ."

"విన్నారుగా! అమ్మంటే ఆకారం లేని కలపేనని తన నోటితో తనే చెప్పింది. ఇక అమ్మకి డిగ్రీ ఎందుకయ్యా?"

అందరూ పొలమారేలా నవ్వారు. "ఇంకాస్త కారం వెయ్యి చెల్లెమ్మా" అన్నాడొకాయన. అమ్మ వేసింది. జాడీ ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది నాకు. మా నాన్న నెత్తిన ఇంకో జాడీ.

వాళ్లు వెళ్లాక, "తెలీదని చెప్పాల్సిందమ్మా" అని ఏడ్చాను.

"తెలీదంటే, ఏమీ తెలీనిదానికి డిగ్రీ ఎందుకనేవారే" అంది అమ్మ, అంట్లు ముందేసుకుంటూ. "ఇక చదవాల్సింది నువ్వు. ఆయన ఏమడిగినా తలూపి ఊరుకో. నిన్ను కాలేజీలో చేర్చేదాకా నోరు విప్పకు."