దారి అడగని అచ్యుతరావు గారు

ఏలూరు అచ్యుతరావు గారు జన్మలో ఎవర్నీ దారి అడగలేదు. రెండువేల ఆరులో చేతిలో ఇమిడే జీపీఎస్ మిషన్ కొన్నాక, ఎవరైనా చెప్పినా వినడం మానేశారు.

ఆయన కారు నడిపే మధుబాబు పదో తరగతి మూడుసార్లు తప్పాడు గాని, స్టీరింగ్ పట్టుకుంటే తనంతటివాడు రెండు గోదావరి జిల్లాల్లోనూ లేడని అతని నమ్మకం. అంతటివాడూ ఆ మిషన్ ముందు చేతులు కట్టుకునేవాడు. అయ్యగారు ప్రతి మలుపులో కారాపించి, దిగి, దాన్ని ఆకాశానికి చూపించేవారు.

"ఉండవయ్యా, పైవాళ్లు ఇంకా అందలేదు."

పైవాళ్లంటే ఉపగ్రహాలు. నలుగురు అందితే గాని బండి కదలదు. అంత ఆకాశం సబ్బుబిళ్లంత పెట్టెలోకి దిగుతుంటే మధుబాబుకి రోజూ ఒళ్లు జలదరించేది.

మిషన్‌లో రోడ్లు ఉండేవి కావు. ఒక బాణం, ఎంత దూరమో, అంతే. బాణం ముక్కుసూటిగా చూపిస్తుంది. ఓసారి పెదపాడు దగ్గర ముక్కుసూటిగా చేపల చెరువు వచ్చింది.

"ఏవండీ! అటు దారి లేదండీ!" గట్టు మీంచి కాపలా నిత్యానందం కేకేశాడు.

"నేను మిమ్మల్ని అడగలేదు కదండీ!" అన్నారు అచ్యుతరావు గారు ఎంతో మర్యాదగా.

ముందు చక్రాలు నీళ్లలోకి దిగాయి. బానెట్ ఎత్తితే రెండు బొచ్చె చేపలు దొరికాయనీ, ఒక్కోటీ మూడు కిలోలనీ మధుబాబు ఇప్పటికీ ఒట్టేస్తాడు.

ఓ పొద్దున కొల్లేటి కొంగల్ని చూసి తాడేపల్లిగూడెం వెళుతున్నారు. గణపవరం దాటగానే రోడ్డు పక్కన మధుబాబు ఊరి పాపమ్మ చేతికర్రతో గబగబా నడుస్తోంది. రెండు కళ్లకీ శుక్లాలు.

"ఎక్కడికి మామ్మా?"

"ఎవరూ, మధువా? గూడెంలో కళ్ల శిబిరంరా. పదింటిదాకే పేర్లు రాసుకుంటారంట. బస్సు తప్పిపోయింది. ఇవాళ దాటితే మళ్లీ వచ్చే ఏడే."

అప్పటికే తొమ్మిదింబావు. గూడెం ఇంకా పన్నెండు కిలోమీటర్లు.

"కారెక్కు మామ్మా!"

"ఊరికే ఎవరి బండీ ఎక్కనని నీకు తెలీదూ? నడిచిపోతాలే."

ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. పక్కింట్లో చిటికెడు ఉప్పు తెచ్చుకుంటే సాయంత్రానికి దోసెడు తిరిగిచ్చే మనిషి ఆవిడ.

అచ్యుతరావు గారు దిగారు. మిషన్ వీపు వెనక దాచుకున్నారు.

"ఏవండీ మామ్మగారూ, దారి తప్పామండీ. మా మిషన్ చెడిపోయింది. గూడెం ఎటో కాస్త చూపించాలి."

మధుబాబు ఆయన వెనక్కి తొంగి చూశాడు. వీపు వెనక బాణం నిబ్బరంగా గూడెం వైపే చూపిస్తోంది.

"అయ్యో, ముందే అడగొచ్చు కదండీ!" అంటూ పాపమ్మ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"తౌడు వాసనొస్తోంది, రైసుమిల్లు. ఎడంపక్కకి తిప్పరా."

"అలాగేనండీ" అన్నారు వెనక సీట్లోంచి అయ్యగారు.

"కుదుపొచ్చిందిగా, అది కల్వర్టు. ఇంక తిన్నగా పోనీ."

"అలాగేనండీ."

ప్రతి మలుపులోనూ బాణం ఆవిడ మాట విన్నట్టే తిరిగింది. మధుబాబు భక్తి మిషన్‌ని వదిలేసి, ముందు సీటుకి దణ్ణం పెట్టాలో వెనక సీటుకి పెట్టాలో తేలక కొట్టుకులాడింది.

పదికి పది నిమిషాలుండగా శిబిరం చేరారు. పేరు రాయించుకుని లోపలికి వెళుతూ పాపమ్మ వెనక్కి తిరిగింది.

"మిషన్ పాడైపోయింది, ఏలూరెలా వెళతారండీ? పాపం, ఎక్కడో తప్పిపోతారు. ఇవాళే ఆపరేషన్ చేసి సాయంత్రం పంపేస్తారంట. నేనొచ్చి చూపిస్తాను, కదలకండి."

"చిత్తమండీ" అని అచ్యుతరావు గారు బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"అయ్యగారూ," అన్నాడు మధుబాబు, "సాయంత్రం కంటికి కట్టు కట్టి పంపుతారండీ. మామ్మ దారెలా చూపిస్తుంది?"

"పొద్దున కళ్లతో చూపించిందేంటయ్యా?"