ఎర్ర బురద మీద నడిచిన అమ్మాయి

దయ్యాల కథలు దుప్పటి కప్పుకుని ఇష్టంగా చదివేదాన్ని గాని, ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

సండూరు కొండల్లో గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. క్రిస్మస్ అయిన మూడో రోజు నాన్నా నేనూ కంప్లి నుంచి స్కూటరు మీద కొండల మధ్య ఉన్న చెరువుకు వెళ్లాం. నాన్నకు గాలం వేయడమంటే ప్రాణం. నాకు చలికాలపు మంచులో ఆ నీళ్లను చూడటం ఇష్టం.

ఎనిమిదింటికి ఒడ్డున రొట్టెల డబ్బా విప్పాం. తినేముందు నాన్న పైకే ప్రార్థన చేస్తారు. ఆమెన్ అనేదాకా మా ఇంట్లో ఎవరూ కళ్లు తెరవరు. ఆ రోజు ప్రార్థన సగంలో ఆగింది. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. ఎంతసేపో తెలియదు.

తెరిచేసరికి నాన్న పదిహేనడుగుల దూరంలో, నడుము దాకా బురదలో ఉన్నారు.

ఇనుప గనుల ఎర్రమట్టి వానలకు కొట్టుకొచ్చి చెరువు అంచున పేరుకుంది. పైన ఎండి నేలలాగే ఉంటుంది, కింద ఊబి. నాన్నకు అది తెలుసు. అటు పోవద్దని పొద్దున నాకు చెప్పిందే ఆయన.

తరగతిలో హాజరు పలకడానికే గొంతు పెగలని నేను ఎలా అరిచానో! చెరువులో గుండ్రటి పుట్టి పడవలో వల వేస్తున్న ముసలాయన విని వచ్చి తాడు విసిరాడు. ఇద్దరం లాగాం.

"ఏమప్పా, నీళ్లల్లో చేపలు చాల్లేదా, బురదలో ఎతుకుతాండావు?" అన్నాడు రొప్పుతూ.

నాన్న నవ్వలేదు. నా వైపే చూస్తూ, "నువ్వు ఆడ నడ్సుకుంటా పోతాంటివి కదమ్మా. ఈ తెల్ల స్వెట్టరే. ఎంత పిల్సినా తిరగల్యా. అందుకే వస్తి" అన్నారు.

నేను కదల్లేదన్నాను. ఆయన పిలుపు ఒక్కటీ నాకు వినబడలేదు.

"ఈ పాప ఈడనే కూకోనుండె," అన్నాడు ముసలాయన. "ముందర పోయిన పాప యాడప్పా? నేనూ సూస్తి."

బురద మీద నాన్న అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. అయినా ఇద్దరూ పుట్టిని బురద అంచుకు చేర్చి, గడకర్రతో మధ్యాహ్నం దాకా వెదికారు.

నాకు అక్కచెల్లెళ్లు లేరు. ఆ రోజు వాళ్లిద్దరూ చూసింది ఎవరినో ఇన్నేళ్లయినా తెలియదు.

కర్ర దించిన ప్రతిసారీ నాన్న నా పేరు పెట్టి పిలిచారు. "ఈడుండా నాయినా" అని నేనంటే నా వైపు తిరిగి తలూపారు. మళ్లీ బురద మీదికి వంగి పిలిచారు.