పాట రొట్టె

నెల్లూరు చిన్నబజారులో దర్జీ నాగుల్ మీరా కొట్టు గోడ మీద ఒక పాతకాలపు అమెరికా గాయకుడి బొమ్మ ఉంది. ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించినది. కింద ఆయన జీవితం నాలుగు ముక్కల్లో అచ్చయింది: ఇరవయ్యో ఏట రికార్డు, ముప్పయ్యో ఏట టీవీ, నలభయ్యో ఏట జనం మరిచిపోవడం, అరవయ్యో ఏట పెద్ద హాల్లో వీడ్కోలు కచేరీ. మీరా ఆయన్ని గురువుగారంటాడు. గురువుగారికి ఈ సంగతి తెలియదు.

మీరా కూడా అదే వరసలో పైకి రావాలనుకున్నాడు. ఇరవయ్యో ఏట అతని గొంతూ రికార్డయింది, చీరల కొట్టు ప్రచారానికి. ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. ముప్పయ్యో ఏట కేబుల్ టీవీలో కనిపించాడు; సగం పాటలో కరెంటు పోయింది. జనం మరిచిపోవాలంటే ముందు గుర్తుపెట్టుకోవాలి గనక మూడో ఘట్టం కుదరలేదు. పెళ్లిళ్లలో భోజనాల వేళ గురువుగారి పాటలు పాడుతూ వచ్చాడు.

అసలు చిక్కు రొట్టె దగ్గర. రొట్టెల పండక్కి దర్గా చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఏ కోరికకు ఆ రొట్టె. తీరాక వచ్చి మరొకరికి ఇవ్వాలి. ఇరవయ్యో ఏట మీరా పాట రొట్టె కోసం చెరువంతా వెతికాడు. ఎవరి దగ్గరా లేదు. ఉద్యోగం రొట్టె పుచ్చుకుని, ఇది పాటకేనని మనసులో చెప్పుకున్నాడు. అది తిరిగి ఇవ్వకుండానే నలభై ఏళ్లు గడిచాయి.

"ఈ ఏడన్నా ఇస్తారా?" అని భార్య షాహిదాబీ ఏటా అడిగేది.

"పెద్ద హాలు కాలేదు గదా," అనేవాడు. తీరని కోరిక తీరిందని ఆ నీళ్లలో నిలబడి అబద్ధమాడే ధైర్యం అతనికి లేదు.

ఈ ఏడు అరవై నిండాయి. హాలు రాలేదు. మోకాళ్ల నొప్పి తగ్గినందుకు షాహిదాబీ ఆరోగ్యం రొట్టె ఇవ్వాలంటే, సంచి పట్టుకుని వెంట వెళ్లాడు. నీళ్లలో పెంచల్ అనే కృష్ణపట్నం చేపల మనిషి కనిపించినవాళ్లందర్నీ అడుగుతున్నాడు.

"పాట రొట్టె ఎవురికాడన్నా ఉండాదా? మా బిడ్డ స్వర్ణ బాగా పాడతాది."

జనం అతన్ని చదువు రొట్టె వైపు తోలుతున్నారు. మీరా సంచితో అక్కడే ఆగిపోయాడు. తననూ ఆ ఇరవయ్యో ఏట ఉద్యోగం రొట్టె వైపు అలాగే తోలారు.

షాహిదాబీ సంచిలోంచి ఒక రొట్టె తీసింది. "ఏటా ఒకటి ఎక్కువే చేస్తా ఉండా. మీరు ఇయ్యరు, ఇంటికి బోయి నేనే తింటా ఉండా."

"నీకు తీరిందా అన్నా?" అన్నాడు పెంచల్.

"నాలుగొందల పెళ్లిళ్లలో పాడినా అబ్బయా. అందరూ భోంచేస్తానే విన్నారు. ఒక్కరూ ఆపమనలా."

"అంటే తీరినట్టా, తీరనట్టా?"

మీరా భార్య ముఖం చూశాడు. ఆమె ఎన్ని రొట్టెలు ఒంటరిగా తిన్నదో తలుచుకుంటే సిగ్గేసింది.

"తీరింది," అన్నాడు. ఏడుపొచ్చింది. అబద్ధమాడిన భయం మాత్రం కలగలేదు.

పెంచల్ రొట్టె కళ్లకద్దుకున్నాడు. "పెద్ద హాల్లో పాడాలన్నా ఇదే రొట్టా?"

"కాదు, అది వేరే," అన్నాడు మీరా. ముఖం తుడుచుకుని, పక్కనున్న మనిషిని అడగడం మొదలుపెట్టాడు. "హాలు రొట్టె ఎవురికాడన్నా ఉండాదా?"