రెండు వేళ్ల సోలో

మాస్టారు పోయారని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆయన భార్య. "నిద్రలనే పోయిండమ్మా," అన్నారు, గొంతు తడబడకుండా. వెంటనే ఎర్రమంజిల్‌లోని వాళ్లింటికి బయల్దేరాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు గానీ, ఆయన నేర్పిన ఒక గిటార్ సోలోని నేను నోటితో పాడుకుంటున్నానని నాకే తెలియలేదు.

ఆయన్ని కలిసింది అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, టెస్టింగ్ కోర్సుల బోర్డులే ఉన్న రోజుల్లో. కాకినాడ నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ, నేనూ ఒక కోర్సులో చేరాను. సాయంత్రాలు ఖాళీ. పంజాగుట్టలో కళ్లద్దాల షాపు పైన ఆయన గిటార్ క్లాసు ఉండేది. అందరూ సార్ అనేవారు. నా నోటికి మాస్టారనే వచ్చింది. ఆయన మొదటి రోజే నన్ను బిడ్డా అన్నారు.

బస్సుల హోరులో శ్రుతి వినపడక, గిటార్ చెక్కకు చెవి ఆనించి తీగలు బిగించేవారు. ఎవరో చెప్పే రహస్యం వింటున్నట్టు ఉండేది చూడ్డానికి.

శనివారాలు పాఠం ఉండేది కాదు. ఎవరికి నచ్చిన సోలో వాళ్లు క్యాసెట్టో సీడీయో తెచ్చి వినిపించాలి, ఎందుకు నచ్చిందో చెప్పాలి. అబ్బాయిలు ఎప్పుడూ పరుగులు తీసేవే తెచ్చేవారు. ఆయన కళ్లు మూసుకుని ఆసాంతం విని, "ఇప్పుడు నోటితోని పాడు," అనేవారు. వాళ్లకు రెండు స్వరాలు కూడా గుర్తొచ్చేవి కావు.

"మస్తు వాయించిండు, కాదంటలేను. గని ఇంటికి పోయేటప్పుడు నీ వెంట ఏం రాలే. వెంట వచ్చేదే సోలో."

ఒకసారి నేను పాత సినిమా పాటలో చరణాల మధ్య వచ్చే చిన్న గిటార్ ముక్క పట్టుకెళ్లాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు దాన్ని మళ్లీ పెట్టించారు.

"గీడ వినుండ్రి. తీగ పైకి గుంజిండు. స్వరం అందుతది అనుకుంటం, అందనియ్యడు. జర ఆగి, అప్పుడిస్తడు. గా ఆగుడు కోసమే మనం మళ్ల మళ్ల వింటం."

ఆ తర్వాత నేను పాటలు వినే తీరే మారిపోయింది.

ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో ఆయనకు మంచి పేరు. సొంతంగా కట్టుకున్న సోలో ఒకటి ఉండేది. అది వాయిస్తుంటే వేళ్లు కనపడేవి కావు. ఏటా లక్డీకాపూల్‌లో ఒక హాల్లో జరిగే మా క్లాసు ప్రోగ్రాం చివర, నిలబడి, దాన్ని వాయించేవారు. జనం దానికోసమే కూర్చునేవారు.

ఒక ఏడు ప్రోగ్రాం ఇంకా కొన్ని నెలలుందనగా మాస్టారు సోమాజిగూడలో స్కూటర్ మీంచి పడ్డారు. తీగలు నొక్కే ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ఇక వంగలేదు. క్లాసు మూతపడింది. కొందరు వేరేచోట చేరిపోయారు. చూడ్డానికి ఇంటికి వెళితే గిటార్ గోడవైపు తిప్పి పెట్టి ఉంది.

"ఏంటి మాస్టారూ ఇది?" అన్నాను. టీ తెచ్చిన ఆయన భార్యే, "ఎవ్వరితోని మాట్లాడతలేడమ్మా," అన్నారు.

మళ్లీ వెళ్లేసరికి గిటార్ ఆయన ఒళ్లో ఉంది. చూపుడు వేలు, మధ్య వేలితోనే తన సోలోని వెతుక్కుంటున్నారు. అందని స్వరాలు వదిలేస్తున్నారు.

"సగం పోయినయి బిడ్డా," అన్నారు. కాసేపు వాయించి, ఆగి, నావైపు చూశారు. "పోయినా పాట అట్లనే ఉన్నది. మరి అన్ని స్వరాలు ఎందుకు పెట్టిన నేను?" ఆయనకు నవ్వు మొదలై ఆగలేదు. వంటింట్లోంచి ఆమె పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

ప్రోగ్రాం రోజున స్టేజీ పక్కన ఒక సీనియర్ విద్యార్థి, మంచి మనసుతోనే, "సార్, మీరు కూసోండి. గా సోలో నేను వాయిస్త," అన్నాడు.

"కూసుంట. కూసొనే వాయిస్త."

కుర్చీ వేయించుకున్నారు. వెనక, కొన్ని తీగలు కలిపి మోగించే కార్డ్స్ వాయించేది నేను. మొదటి వరుస అయ్యాక ఆయన తీగను పైకి లాగి పట్టుకున్నారు. స్వరం ఇంకా అందలేదు. నా చెయ్యి కంగారుగా తర్వాతి కార్డుకు జారబోయింది. ఆయన తల తిప్పి నన్ను చూశారు, అంతే. ఆగాను. హాల్లో మాటలు ఆగిపోయాయి. అప్పుడిచ్చారు ఆ స్వరాన్ని. వెనక వరుసలో ఎవరో "అరె వా!" అని అరిచారు.

ప్రోగ్రాం అయ్యాక ఆర్కెస్ట్రా రోజుల డ్రమ్మర్ ఒకాయన వచ్చి చేతులు పట్టుకున్నారు. "అన్నా, మునుపటికన్న గిదే మంచిగున్నది."

"మునుపు వేళ్లు ఎక్కువుండె భాయ్, ముచ్చట తక్కువుండె," అన్నారు మాస్టారు.

క్లాసు మళ్లీ తెరిచారు. వెళ్లిపోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా శనివారాలు వదల్లేదు. ఆఫీసు మీటింగుల్లో అందరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతుంటే, ఆగి, చెప్పాల్సింది చెప్పడం నాకు బాగా వచ్చు. అమీర్‌పేటలో ఏ కోర్సులోనూ అది నేర్పలేదు.

ఫోన్ వచ్చిన ఆ ఆదివారం వాళ్లింట్లో, చాప మీద పడుకోబెట్టిన ఆయన పక్కన కూర్చున్నాను. "నిన్న సాయంత్రం సుత వాయించిండు," అంటూ ఆయన భార్య ఆ ఎడమ చెయ్యి తీసి నా చేతిలో పెట్టారు. వంగని వేళ్ల కొనలు ఎప్పుడో మెత్తబడ్డాయి. చూపుడు, మధ్య వేళ్ల కొనలు మాత్రం గట్టిగా ఉన్నాయి. చూపుడు వేలి మీద తీగ ఒత్తిన సన్నటి గాడి, ఇంకా పూడలేదు.