మంత్రాలయం నుంచి అమ్మ తెచ్చిన ఇసుక

మా చిన్నప్పుడు... ఆదోనిలో మా మిద్దింటి పడసాలలో సుశీలక్క మంచం మీద పడుకుని ఉండేది. ఆ ఎండాకాలం ఆమె మడమ దగ్గర నారికురుపు లేచింది. దిగుడు బావి నీళ్లలో కంటికి ఆనని పురుగు... తాగినవాళ్ల ఒంట్లో దారంలా పెరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చేది. తెగకుండా పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం లాగాలి. అక్క పళ్లు బిగబట్టేది...

వడగట్టని నీళ్లు తాగించొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి అమ్మకు నీళ్ల ధ్యాసే.

ఒకసారి మంత్రాలయం వెళ్లి, అందరూ ప్రసాదం తెచ్చుకుంటే, అమ్మ సంచి నిండా తుంగభద్ర ఇసుక తెచ్చింది! బస్సులో ఒక అవ్వ, "ఏమ్మా, ఇంట్లో ఏరు పారిచ్చుకుంటావా యేంది?" అని నవ్వింది.

"మా పాపకు నీళ్లు వడగట్టల్ల అవ్వా" అంది అమ్మ.

కొయ్య చట్రంలో ఒకదాని మీద ఒకటి మూడు కుండలు, పై రెంటికీ అడుగున సన్న చిల్లు... పైకుండలో కడిగిన ఇసుక, మూతికి మడతలు వేసిన పాత పంచె. నడిమి కుండలో బొగ్గులు. అడుగు కుండలోకి తేట నీళ్లు... మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే, టప్... టప్...

"వాన పడతాండాది లే" అని అక్క కళ్లు మూసుకునే గొణిగేది. నాకు నిజంగానే మట్టి వాసన వచ్చేది...

అక్క లేచి నడిచే వేళకు మా వీధికి కుళాయిలు వచ్చాయి. ఇంట్లోకి సీసం గొట్టం వేయిద్దామన్నాడు నాయన, ఎట్లా వంచితే అట్లా వంగుతుందని. గొట్టాలు బిగించే ఖాసీమన్నను అమ్మ అడిగింది, "మీ ఇంట్లో అయితే ఏది ఏస్తావన్నా?"

"ఇనుపదే ఏస్తానమ్మా. సీసం నీళ్లల్లోకి దిగుతాదంట... పిల్లోళ్లకు మంచిది గాదు."

"నీకు అన్నిటికీ భయమే" అన్నాడు నాయన.

"బిడ్డ కాలు జూసినంక భయం గాక ఇంకేముంటాది?"

జింకు పూత పూసిన ఇనుప గొట్టాలే వచ్చాయి.

మొదట నీళ్లు ఎర్రగా దూకాయి. తేటపడేదాకా అమ్మ మల్లెపాదుకు వదిలి, కుళాయి మూతికి గుడ్డ కట్టి, అప్పుడు పిలిచింది అక్కను. అక్క దోసిలి పట్టి తాగింది... నిదానంగా. తడి చేతులు నా మీద విదిలించి, వీధిలోకి పరుగెత్తింది. కుంటుతూనే... అయినా పరుగే! అమ్మ గడపలో నిలబడి చూస్తూ, కుళాయి కట్టేయడమే మరిచిపోయింది.

ఇప్పుడు గొట్టాలన్నీ గోడల్లో దాక్కుంటున్నాయి... ఏవి వేశారని అడిగే గొంతు ఇంట్లో వినపడదు. మీ ఇళ్లలో అట్లా అడిగినవాళ్లెవరు? వాళ్ల గురించి రెండు ముక్కలు రాయండి... చదువుకుంటాను.